మౌసు ప్రోగ్రామర్ల సదస్సు నుంచి

ఒరేయ్ మిత్రమా,

ఒరాకిల్ అపెక్స్ సదస్సు నుంచి వచ్చి నాలుగు రోజులైంది. అదే, ఒరాకిల్ డేటాబేస్ మీద మౌసుతో లాగి వదిలి వెబ్ అప్లికేషన్లు కట్టే మన పనిముట్టు. మెడలో వేసుకు తిరిగిన పేరు పట్టీ ఇంకా తలుపు గొళ్లేనికే వేలాడుతోంది. మొన్న ఫోనులో నువ్వు వేసిన ప్రశ్న కూడా నా నెత్తిమీద అలాగే వేలాడుతోంది. "మౌసుతో లాగి వదిలేవాళ్లకు మూడు రోజుల సదస్సా? మొదటి రోజు లాగారు, రెండో రోజు వదిలారు, మూడో రోజు ఏం చేశారు?" అన్నావు. నాకు జవాబు తట్టేలోపు పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం. నీ దగ్గర ఒప్పుకోవలసిన తప్పు కూడా ఒకటుంది. దాన్ని చివరికి దాచాను, ముందే చెబితే మిగతాది చదవవని తెలుసు.

మొదటి రోజు పొద్దున్నే ప్రధాన ప్రసంగం. పెద్ద హాలు, పెద్ద తెర, చెవులు గింగిరాలెత్తే సంగీతం. డేటాబేస్ వాళ్లం మనం, కమిట్ కొట్టి మార్పులు ఖాయం చేసినా చప్పుడు చేయని జాతి. మనకెందుకురా ఆ డప్పులు? ఒరాకిల్ అపెక్స్‌లో 24.1 వెర్షన్ నుంచి కృత్రిమ మేధ సహాయకుడు వచ్చి కూర్చున్నాడు కదా, సగం సేపు అతని గురించే. మామూలు మాటల్లో అడిగితే, డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో క్వెరీ రాసిపెడతాడు. వేదిక మీద ప్రసంగిస్తున్నాయన "పోయిన నెలలో ఒక్క ఆర్డరు కూడా ఇవ్వని ఖాతాదారులు" అని టైపు చేశాడు. క్వెరీ టకటకా వచ్చేసింది, చప్పట్లు మోగాయి. నా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం నా చెవి దగ్గరకు వంగి, "పోయిన నెలంటే క్యాలెండరు నెలా, గడిచిన ముప్పై రోజులా?" అన్నాడు. ఆ ప్రశ్న హాలులో ఎవరూ పైకి అడగలేదు. మనకు జీతాలిచ్చేది ఆ ప్రశ్న అడగడానికే అని ఆ క్షణాన గట్టిగా అనిపించింది. టైపు చేయడానికి ఎవరైనా దొరుకుతారు.

మధ్యాహ్నం ఒక పాతకాపు అపెక్స్ పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. నేను కునుకు తీద్దామని వెనక వరుస చూసుకుని కూర్చున్నాను గానీ, రెప్ప వేయలేదు. నీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. మైక్ హిచ్వా అంతకు ముందే వెబ్‌డీబీ అనే పనిముట్టు తయారుచేసినవాడు. ఒరాకిల్ లోపల వాడుకోవడానికి ఒక వెబ్ క్యాలెండరు చేసిపెట్టమన్నారు. ఆయన జోయెల్ కాల్‌మన్‌ను తోడు తెచ్చుకున్నాడు. ఇద్దరూ క్యాలెండరు కడుతూనే, దానికి ఏది అవసరమైతే అది చేర్చుకుంటూ ‘ఫ్లోస్’ అనే పనిముట్టును పెంచుకుంటూ పోయారు. తమాషా ఏమిటంటే, ఆ తొలి ఫ్లోస్‌కు పేజీలు కట్టుకునే తెరే లేదు! ఆదేశాలు టైపు చేసే ఎస్‌క్యూఎల్ ప్లస్ తెరిచి, పేజీ పుట్టాలంటే ఇన్సర్ట్, బటన్ పేరు మారాలంటే అప్‌డేట్, వద్దనుకుంటే డిలీట్.

ఇది విన్నాక నీ పాత ఎకసెక్కం గుర్తొచ్చింది. "మీ అప్లికేషన్‌లో కోడ్ ఎక్కడుంటుందిరా, ఫైలు చూపించు" అనేవాడివి. ఫైలు ఉండదు. పేజీ అంటే పట్టికలో ఒక వరుస, దాని మీద బటన్ ఇంకో పట్టికలో ఇంకో వరుస. ఎవరైనా పేజీ అడిగితే ఇంజన్ ఆ వరుసలు చదివి అప్పటికప్పుడు వడ్డిస్తుంది. మౌసు అన్నది తర్వాత వచ్చిన సౌకర్యం, అంతే. 2004లో హెచ్‌టీఎంఎల్ డీబీ అన్నారు, 2006లో అప్లికేషన్ ఎక్స్‌ప్రెస్ అన్నారు, ఇప్పుడు అపెక్స్ అంటున్నాం. పైన బోర్డు ఎన్నిసార్లు మార్చినా లోపలి పట్టికల పేర్లలో ‘ఫ్లో’ అన్న మాట నేటికీ చెక్కుచెదరలేదు. మనం పేజీలు కట్టుకునే బిల్డర్ కూడా అపెక్స్‌లోనే కట్టిన అప్లికేషన్, దాని సంఖ్య 4000. కమ్మరి తన సుత్తిని తానే సాగగొట్టుకున్నట్టు.

కాల్‌మన్ 2021లో కోవిడ్‌తో పోయాడు. ఆయన ఫొటో తెర మీదకు రాగానే అంత హాలూ నిశ్శబ్దమైపోయింది. ఇప్పటికీ ఏటా అక్టోబరులో ఆయన పేరిట ఒక రోజు పెట్టుకుని, ఒరాకిల్ పనిముట్లలో తమకు నచ్చిన సంగతి గురించి అందరూ రాస్తారు. నేనాయన్ను ఎన్నడూ చూడలేదు. అయినా గొంతు పట్టేసింది, ఎందుకో.

రెండో రోజు మధ్యాహ్నం ఒకేసారి అయిదు గదుల్లో అయిదు ప్రసంగాలు. నేను వెళ్లాలనుకున్న గది నిండిపోయి, గుమ్మంలోనే ఆపేశారు. సరేలే, కాళ్లకైనా విశ్రాంతి అని చివరి చిన్న గదిలోకి దూరాను. ఇరవై మంది కూడా లేరు. ఒకావిడ స్లైడ్లు లేకుండా నేరుగా ఒక పేజీ తెరిచింది. ఒకే రిపోర్టు, దాని వెనక ఒక వ్యూ (పేరు పెట్టి దాచుకున్న క్వెరీ), వ్యూ వెనక రెండు లక్షల వరుసల పట్టిక. వ్యూలో షరతు దగ్గర మనందరం రాసేదే రాసి ఉంది: విభాగం సంఖ్య ఎంతో పేజీని అడిగి తెచ్చే ‘వి’ ఫంక్షన్. ఒంటి అక్షరం పేరు, అమాయకంగా ఉంటుంది.

ఆవిడ చేసిన పని చూడు. ‘వి’ని లోపల పెట్టుకుని, తనను పిలిచిన ప్రతిసారీ ఒక అంకె పెంచుకునే చిన్న ఫంక్షన్ రాసి వ్యూలో పెట్టింది. రిపోర్టు నడిపింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఆవిడ చేతులు కట్టుకుని మా మొహాలు చూస్తూ నిలబడింది, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రిపోర్టు వచ్చాక అంకె చూపించింది: 2,00,000. ఆ తర్వాత ఆ పిలుపు చుట్టూ బ్రాకెట్లు వేసి, ముందు ‘సెలెక్ట్’, వెనక ‘ఫ్రమ్ డ్యూయల్’ చేర్చి, దాన్ని సబ్‌క్వెరీగా, అంటే క్వెరీ లోపలి చిన్న క్వెరీగా మార్చింది. మళ్లీ నడిపింది. అంకె: 1.

గదిలో ఎవరో "అయ్యో" అన్నారు. అన్నది నేనే అని తర్వాత తెలిసింది.

కారణం కష్టమైనదేమీ కాదు. ఎస్‌క్యూఎల్ ఒక గది, ఫంక్షన్లు రాసే భాష పీఎల్‌ఎస్‌క్యూఎల్ పక్క గది. ఆ కాలమ్ మీద వరుసలను త్వరగా వెతికిపెట్టే ఇండెక్స్ లేదు కాబట్టి పట్టిక మొత్తం చదవాలి. చదువుతూ వరుసవరుసకూ లేచి పక్క గదికి వెళ్లి "విభాగం ఎంత?" అని అడిగి రావాలి. జవాబు మారదని మనకు తెలుసు, డేటాబేస్‌కు తెలియదు పాపం. సబ్‌క్వెరీలో పెడితే ఒకసారి అడిగి గుర్తుపెట్టుకుంటుంది. పేజీలోనే రాసే క్వెరీకైతే కోలన్ పెట్టి బైండ్ వేరియబుల్ (నడిపేటప్పుడు విలువ నింపే ఖాళీ) వాడితే సరిపోయేది. వ్యూలో బైండ్ చెల్లదు, అక్కడే అందరం ‘వి’ని పట్టుకుంటాం. ముందు వరుసలో కుర్రవాడొకడు, లాగిన్ అయినవారి పేరు కావాలంటే ఏం చేయాలని అడిగాడు. అది లాగిన్ వివరాలు ఉండే సెషన్ కాంటెక్స్ట్‌లోనే ఉంటుంది, ‘సిస్ కాంటెక్స్ట్’తో తెచ్చుకో, డేటాబేస్ దాన్ని బైండ్ లాగే చూస్తుంది అంది ఆవిడ. నలభై అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఆ గది నిండకపోవడం అన్యాయం.

నువ్వు ఇప్పటికే ఊహించి ఉంటావు. మన నెలాఖరు రిపోర్టు! మనిద్దరం ఒకే బల్ల మీద కూర్చుని కట్టినది. బటన్ నొక్కి, లేచి అటూ ఇటూ తిరిగి వచ్చినా చక్రం తిరుగుతూనే ఉండేది. పదేళ్లుగా ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాడికీ నేను చెప్పే మాట ఒకటే: "అది నేను రాసింది కాదు, వెళ్లిపోయినవాడు రాశాడు." ఏ ఆఫీసులోనైనా తప్పులన్నీ వెళ్లిపోయినవాడి పేరు మీదే కదా రాసుకుంటాం. ఆ వెళ్లిపోయినవాడివి నువ్వే.

ఆ సాయంత్రం అందరి ముందూ తలా అయిదు నిమిషాలు ఆట. స్లైడ్లు నిషేధం, నడిచే అప్లికేషన్ చూపించాలి. పెద్దపెద్ద మ్యాపులూ రంగురంగుల గ్రాఫులూ వచ్చిపోయాయి, ఒక్కటీ గుర్తులేదు. గుర్తున్నదల్లా ఒక గిడ్డంగి గుమాస్తా. ప్రోగ్రామర్ కాదు, మైకు పట్టుకున్న చేయి వణుకుతోంది. వాళ్ల సరుకు లెక్క ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఉండేదట, పదకొండు మంది ఒకరికొకరు మెయిల్ చేసుకునేవారట. ఫైలు పేరు ‘చివరిది’, తర్వాత ‘నిజంగా చివరిది’, ఆ తర్వాత ‘ఇదే వాడండి’. దాన్ని ఆరు పేజీల అపెక్స్ అప్లికేషన్‌గా మార్చుకున్నాడు. రెండు బ్రౌజర్ కిటికీలు పక్కపక్కన తెరిచి, ఒకే సరుకు వరుసను రెండింటిలోనూ పిలిచాడు. ఎడమ వైపు 40ని 35 చేసి సేవ్ చేశాడు. కుడి వైపు అదే 40ని 52 చేసి సేవ్ నొక్కాడు. వరుస మీరు తెరిచాక మారిపోయింది అంటూ ఎర్ర సందేశం వచ్చింది. ఆయన మా వైపు తిరిగి, "చూశారా, ఒప్పుకోలేదు!" అన్నాడు, మనవడు మొదటి అడుగు వేసినంత సంబరంగా.

అది మనం ఎన్నడూ పట్టించుకోని సంగతి. వరుస తెరిచినప్పుడు అందులోని విలువల నుంచి చెక్‌సమ్ అనే గుర్తు కట్టి ఉంచుకుని, సేవ్ చేసేటప్పుడు మళ్లీ కట్టి సరిచూస్తుంది, అంతే. పేజీ కడితే దానంతటదే వస్తుంది. కానీ ఆయన ఏళ్ల తరబడి ఒకరి అంకె మీద ఒకరు రాసుకుని గొడవపడినవాడు. దోషం చూపే సందేశానికి చప్పట్లు కొట్టించుకున్న మనిషిని నేను మొదటిసారి చూశాను. నేనూ లేచి నిలబడి కొట్టాను.

ఇక నీ మూడో రోజు. మాచేత మా అప్లికేషన్ల మీద మేమే దాడి చేయించారు! పాత పద్ధతి వెబ్ చిరునామాలు గుర్తున్నాయా, ఎఫ్, ప్రశ్నార్థకం, పి, తర్వాత కోలన్ల గొలుసు? 20.1 వెర్షన్‌లో అందమైన చిరునామాలు వచ్చాయి గానీ చిరునామాలో విలువలు పంపే అలవాటు పోలేదు. ఉద్యోగి సంఖ్య 101 ఉన్నచోట 102 అని కొట్టు, రక్షణ పెట్టకపోతే పక్కవాడి జీతం చీటీ ఎదుట ప్రత్యక్షం. సెషన్ స్టేట్ ప్రొటెక్షన్ అనే రక్షణ పెట్టుకుంటే చిరునామాకు చెక్‌సమ్ తగిలి, మార్చిన చిరునామా చెల్లదు. దానిపైన, ఎవరి వరుసలు వాళ్లకే ఇచ్చేలా క్వెరీలోనూ షరతు ఉండాలి. బటన్ కనబడకుండా చేసి పేజీకి తాళం వేశామనుకున్నవాళ్లం ఆ గదిలో సగం మందిమి. మధ్యాహ్నానికి చాలామంది మొహాలు పాలిపోయి, ఒకరినొకరు చూడకుండా ల్యాప్‌టాప్‌లు మూసుకున్నాం. లాగడం, వదలడం, ఆపైన వణకడం. చాలా?

నడవల్లో కబుర్లు మామూలే. పాత వెర్షన్ మీద బతుకుతున్నవాళ్లు కొత్త వెర్షన్ వాళ్లను చూసి నిట్టూర్చడం, కొత్త వెర్షన్ వాళ్లు పాతదే నయమనడం.

తిరిగొచ్చిన మర్నాడు ఆఫీసుకు వెళ్లగానే చేసిన మొదటి పని మన వ్యూ తెరవడం. ఉంది, ‘వి’ అక్కడే ఉంది. బ్రాకెట్లు, సెలెక్ట్, ఫ్రమ్ డ్యూయల్: ఒక్క నిమిషం పని. నలభై ఎనిమిది సెకన్ల రిపోర్టు రెండు సెకన్లకు దిగింది. లెక్కల విభాగం నుంచి ఒకాయన ఫోను చేసి, "రిపోర్టు ఏదో పాడైనట్టుంది, వెంటనే వచ్చేసింది" అన్నాడు.

ఇప్పుడు తప్పు సంగతి. ఆ వరుస పక్కన కామెంట్ ఉంది, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినది: "తాత్కాలికం, వచ్చే వారం మార్చాలి." తేదీ 2013. కింద పొడి అక్షరాలు నావి. నీవి కాదు, నావి. దాని కిందే ఇంకో కామెంట్, నీ పొడి అక్షరాలతో: "ఏ వచ్చే వారం?"

కోడ్ సరిచేశాను, నా కామెంట్ తీసేశాను. నీది మాత్రం ఉంచాను. కొత్త కుర్రవాళ్లను పిలిచి, ఇది రాసింది నేనే అని చెప్పాను కూడా. నమ్మలేదు. వెళ్లిపోయినవాణ్ని వెనకేసుకొస్తున్నాననుకున్నారు.

ఇంకొకటి. అదే వ్యూలో చివర 37వ విభాగాన్ని వదిలేస్తూ ఒక షరతు ఉంది. పక్కన నీ పొడి అక్షరాలున్నాయి, కారణం లేదు. ఆఫీసులో ఎవరిని అడిగినా 37వ విభాగమే లేదంటున్నారు, పట్టికలో మాత్రం దాని వరుసలు నాలుగు వందలున్నాయి. తీసేయడానికి నాకు ధైర్యం చాలడం లేదు. ఆ 37 ఏమిటో గుర్తుంటే నెలాఖరులోగా రాయి.

నీ
మౌసు ప్రోగ్రామర్