182 మాత్రలు రాసేముందు ఆ మనిషి ఎప్పుడు తింటాడో అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా నాన్న ఇక్కడ మారతహళ్ళిలో ఒక అపార్ట్‌మెంట్‌కి నైట్ వాచ్‌మన్. రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కితే పొద్దున ఎనిమిదికి దిగుతాడు, ఇంటికొచ్చి ఇంత తిని పడుకుంటే మళ్ళీ సాయంత్రమే లేవడం. మూడేళ్ళు కడుపులో మంటని గ్యాస్ అనుకుని మెడికల్ షాపులో అడిగి పాంటోప్రజోల్ అనే యాసిడ్ తగ్గించే మాత్ర మింగాడు. చివరికి ఎండోస్కోపీ చేయిస్తే పుండు ఉందని, దానికి కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా అని తేలింది.

ఒక ఆసుపత్రిలో నాలుగు మందుల కోర్సు రాశారు. యాసిడ్ తగ్గించేవి రెండు, బిస్మత్ నాలుగు, యాంటీబయాటిక్‌లైన టెట్రాసైక్లిన్ నాలుగు, మెట్రోనిడజోల్ మూడు, మొత్తం రోజుకు 13, అలా 14 రోజులు, అంటే 182 మాత్రలు. అమ్మ పోపుల పెట్టె ఖాళీ చేసి ఆ గిన్నెల్లో పూటపూటకీ సర్ది పెట్టింది. కానీ రోజుకు రెండుసార్లే తినే మనిషి నాలుగుసార్లు ఎలా వేసుకుంటాడు? మధ్యాహ్నం గాఢనిద్రలో లేపాల్సి వచ్చేది. పొద్దున పెరుగన్నం తిన్న వెంటనే టెట్రాసైక్లిన్ వేసుకునేవాడు, పెరుగులోని కాల్షియం ఆ మందుని ఒంటికి పట్టనివ్వదని మాకెవరూ చెప్పలేదు. నోట్లో ఎప్పుడూ ఇనుము నాకినట్టు రుచి. ఐదో రోజు అద్దంలో చూసుకుంటే నాలుక నల్లగా ఉంది, హడలిపోయాడు. బిస్మత్‌తో అలా అవుతుంది, మందు ఆపాక పోతుంది, కానీ ఆ ముక్క మాకు తెలిసింది తర్వాత. ఆరో రోజు మానేశాడు.

మళ్ళీ వెళ్తే కోర్సు పూర్తి చేయకపోవడం వల్లే ఈ క్రిములు మొండికేస్తున్నాయని నాన్నని అందరి ముందూ కేకలేశారు. సగంలో ఆపడం ప్రమాదమే, కాదనను. కానీ తప్పంతా ఆయనదేనా?

రెండో డాక్టర్ గారు అన్నిటికన్నా ముందు నాన్న డ్యూటీ టైమ్ అడిగారు. రెండే మందులు రాశారు. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఒక గ్రాము చొప్పున పొద్దున తొమ్మిదికి, సాయంత్రం ఐదుకి, రాత్రి ఒంటిగంటకి. వోనోప్రజాన్ 20 మిల్లీగ్రాములు రెండు పూటలా. ఇదీ 14 రోజులే. ఈ బ్యాక్టీరియా క్లారిత్రోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌కి, మెట్రోనిడజోల్‌కి లొంగకుండా తయారవుతోంది గానీ అమాక్సిసిలిన్‌కి ఎదురు తిరగడం ఇంకా చాలాచోట్ల అరుదే. కడుపులో యాసిడ్ బాగా అణిగితేనే అది సరిగ్గా పనిచేస్తుంది, వోనోప్రజాన్ చేసేది ఆ పనే. 2022లో అమెరికాలో ఈ జోడీకి అనుమతి వచ్చింది. అక్కడా యూరప్‌లోనూ చేసిన ట్రయల్‌లో క్లారిత్రోమైసిన్‌కి లొంగని రకం ఉన్నవాళ్ళలో ఈ రెండు మందులతో నూటికి 70 మందికి దగ్గరగా నయమైతే, క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్, యాసిడ్ మాత్ర కలిపి ఇచ్చే పాత మూడు మందుల కోర్సుతో నయమైంది 32 మందికే.

నాలుగు మందుల కోర్సు పనికిరాదని నేననడం లేదు. 2024లో అమెరికా జీర్ణకోశ డాక్టర్ల సంఘం మొదట ఇవ్వమన్నది దాన్నే, అమాక్సిసిలిన్ పెన్సిలిన్ జాతిదే కాబట్టి పెన్సిలిన్ పడనివాళ్ళకి అది ఇవ్వకూడదు కూడా. ఎవరికి ఏదన్నది డాక్టరే తేల్చాలి, మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేవి కావు ఇవి. నేను అడిగేదల్లా, రెండూ పనిచేసే చోట తేలికైనది రాయండి. తప్పక పెద్ద కోర్సే రాయాల్సి వస్తే ఏ మందు ఎన్నింటికి, దేనితో కలిపి తినకూడదు, నాలుక నల్లబడితే భయపడొద్దు అన్న నాలుగు మాటలు ఆ మనిషికి వచ్చిన భాషలో కాగితం మీద రాసివ్వండి. ఈ ఊళ్ళో కన్నడ, తెలుగు, తమిళం వచ్చిన నర్సమ్మలకి కొదవ లేదు కదా, ఐదు నిమిషాల పని.

ఇంకొకటి, మంట తగ్గిందంటే క్రిమి పోయినట్టు కాదు. కోర్సు అయిన నాలుగు వారాల తర్వాత, యాసిడ్ మాత్రలు రెండు వారాలు ఆపి, మళ్ళీ టెస్ట్ చేయించాలని మాకు మొదటి ఆసుపత్రిలో చెప్పనే లేదు. నాన్నకి శ్వాస పరీక్ష చేయించాం, సంచీలోకి గాలి ఊదించారు, నెగెటివ్ వచ్చింది. ఇది ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి వస్తుందట, అమ్మకి కూడా మంట ఉంది, వచ్చే వారం ఆమెకీ చేయిస్తున్నాం.

— ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు