పాత బ్యాటరీలను వేరుచేసి ఇవ్వడం గురించి

సభ్యులందరికీ నమస్కారం. రీసైక్లింగ్ కోసం పోగుచేస్తున్న పాత బ్యాటరీలన్నీ ఒకే సంచిలో కలిసి వస్తున్నందున ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

పరికరం ఆగిపోయినంత మాత్రాన బ్యాటరీలో శక్తి పూర్తిగా అయిపోయినట్లు కాదు. ముఖ్యంగా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, పవర్ బ్యాంకుల్లోని లిథియం అయాన్ బ్యాటరీల ధ్రువాలు ఏ తాళంచెవికో, మరో బ్యాటరీకో తగిలి షార్ట్ సర్క్యూట్ అయితే, మిగిలిన కొద్దిపాటి ఛార్జి కూడా నిప్పు పుట్టించడానికి సరిపోతుంది. అందువల్ల ధ్రువాలపై ఇన్సులేషన్ టేపు అంటించి, ఒక్కొక్కదాన్ని విడి ప్లాస్టిక్ కవరులో ఉంచండి. 9 వోల్టుల బ్యాటరీకి రెండు ధ్రువాలూ పక్కపక్కనే ఉంటాయి కనుక దానికీ టేపు తప్పనిసరి.

రిమోట్లలో వాడే 1.5 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీలతో అంత ముప్పు లేదు గాని, కారిన వాటిపై పేరుకునే తెల్లని పొడి చర్మానికి, కళ్లకు హానికరం. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

ఉబ్బిన బ్యాటరీని సూదితో పొడిస్తే గాలి పోయి సర్దుకుంటుందని కొందరు అనుకుంటారు. అంతకంటే ప్రమాదకరమైన పని లేదు. దాన్ని నొక్కకుండా, మళ్లీ ఛార్జి పెట్టకుండా, మండే వస్తువులకు దూరంగా ఇసుకలో ఉంచి, సేకరించేవారికి ముందుగా చెప్పి విడిగా అప్పగించండి.

గుండీలా చిన్నగా, గుండ్రంగా ఉండే బటన్ సెల్ బ్యాటరీలను మాత్రం పిల్లలకు అందనివ్వకండి. మింగినది అన్నవాహికలో ఇరుక్కుంటే 2 గంటల్లోనే తీవ్రంగా కాల్చగలదు కాబట్టి, అనుమానం కలిగినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

వాహనాల లెడ్ యాసిడ్ బ్యాటరీలను వీటితో కలపకుండా, ఒరగకుండా నిలువుగా ఉంచి తీసుకురండి.