బిడ్డ సంగతి రాసుకుని, నా సంగతి అడిగిన ఆశక్కకు

మా బిడ్డకు మొన్ననే పదహారు నెలలు నిండినయి. ఈ నాలుగు మాటలు రాయాలని చాన్నాళ్ల నుంచి అనుకుంటున్న. ఫోన్ పట్టుకుని మొదలుపెట్టంగనే చేతులు సల్లబడేటివి, పక్కన పెట్టేసేదాన్ని. ఇప్పుడు సల్లబడతలేవు. అందుకే రాస్తున్న.

మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. 2024 ఆగస్టుల, శ్రావణమాసం ముసురు పట్టిన రాత్రి నా కాన్పు అయింది. బిడ్డ మంచిగనే పుట్టింది. మాయ మాత్రం పూర్తిగ రాలేదు, ఒక ముక్క లోపల్నే ఉండిపోయింది. ఇగ రక్తం ఆగలేదు. మొదట చేరిన ఆస్పత్రి పేరు నేను రాయను. అక్కడ ఏం జరుగుతుందో నాకు ఒక్కరూ చెప్పలేదన్నది మాత్రం రాస్త. నా కాళ్లకాడ నిలబడి వాళ్లల్ల వాళ్లే మాట్లాడుకున్నరు. "బీపీ పడిపోతుంది" అన్నది నాకు ఇనబడ్డది. నొప్పికి ఓర్వలేక అరిస్తే "ఊకో, నీ ఒక్కదానికేనా కాన్పు" అన్నరు. అప్పుడే ఎవరి చెయ్యి తగిలిందో, స్టీలు ట్రే నేల మీద పడ్డది. అదొక్క చప్పుడు నా చెవుల్ల ఉండిపోయింది. నేను సచ్చిపోతున్న అనుకున్న. బిడ్డ మొకం ఇంకా చూడలేదు.

నల్లగొండకు తీసుకపొమ్మన్నరు. కొండమల్లేపల్లి దాటినంక అంబులెన్సు అద్దం మీద వాన చుక్కలు చూసుకుంట పోయిన, అంతవరకే యాదికుంది. నల్లగొండ పెద్దాస్పత్రిల ఆ రాత్రి డ్యూటీల ఉన్న డాక్టరమ్మలకు, సిస్టర్లకు దండం. మాయ ముక్క తీసి, రక్తం ఆపి, నన్ను బతికించిన్రు. నాకు నాలుగు బాటిళ్ల రక్తం ఎక్కింది. మా తమ్ముని దోస్తులు వానల బండ్ల మీద అంత దూరం వచ్చి రక్తమిచ్చిన్రు. తమ్ముళ్లారా, మీకు అప్పుడే చెప్పాల్సింది. అప్పుడు నా నోట్లకెల్లి మాట వచ్చేటట్టు లేకుండె.

పానం దక్కింది, ఇంటికొచ్చినం. అందరి లెక్కల కథ అక్కడితోని అయిపోయింది. ఇరవై ఒకటో రోజు బిడ్డను తొట్లెల ఏసినం. వచ్చిన ఆడోళ్లందరూ ఒక్కటే మాట: "రెండు పానాలు దక్కినయి, దేవునికి మొక్కుకో బిడ్డా." నేను నవ్విన. లోపల మాత్రం నేనింకా ఆ బల్ల మీదనే పండుకుని ఉన్న.

రాత్రి కన్ను మూస్తే అదే గది. పగలు మెలకువగ ఉన్నప్పుడు కూడా వచ్చేది, యాదికొచ్చినట్టు కాదు, మళ్లా జరుగుతున్నట్టే. దూది వాసన, డెటాల్ వాసన వస్తే చెమటలు పట్టేటివి. బిడ్డ పండుకున్నా నేను పండుకోకపోయేది, పొట్ట ఎగురుతుందో లేదో చూసుకుంట కూసునేది. ఎత్తుకుంటే ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్టు ఉండేది. ఈ మాట రాయనీకె చాన కష్టమైతుంది, కానీ రాయకుంటే మిగతాదంత అబద్ధమైతది. బుధవారం టీకాలకు దవాఖాన దిక్కు పోవాల్నంటే కాళ్లు కదలకపోయేటివి. అత్తమ్మనే తీసుకపోయేది. గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించింది, దిష్టి తీసింది. అత్తమ్మ మీద నాకు కోపం లేదు. తనకు తెలిసిన దారుల నన్ను దక్కించుకోజూసింది. బాలింతప్పుడు నా ఒంటికి నూనె రాసిన ఆ చేతులకు కూడా ఇవే కృతజ్ఞతలు.

ఇగ ఆశక్క గురించి.

కాన్పు ఆస్పత్రిల అయితే ఆశ కార్యకర్తలు ఇంటికొచ్చి పసిబిడ్డను ఆరుసార్లు చూడాలె. మూడో రోజు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, ఆఖరుకు నలభై రెండో రోజు. అక్క ఆ ఆఖరుసారి వచ్చింది. బిడ్డను జోలెల ఏసి తూకం చూసింది, జ్వరం చూసింది, పుస్తకంల రాసుకుంది. అప్పుడే వంటింట్ల అత్తమ్మ చేతిలకెల్లి పళ్లెం జారి పడ్డది.

నాకు తెలివి వచ్చేసరికి నేను తలుపు మూలకు ముడుచుకుని, రెండు చేతులతోని చెవులు మూసుకుని ఉన్న. ఎప్పుడు లేచిన్నో, ఎట్ల ఆడికి పోయిన్నో తెల్వదు. అక్క "ఏమైంది, ఏమైంది" అని లొల్లి చెయ్యలేదు. వచ్చి నా పక్కన నేల మీద కూసుంది. కొంచెం సేపు ఊకెనే కూసుంది. తర్వాత పుస్తకం మూసి పక్కన పెట్టి అడిగింది: "బిడ్డ సంగతి రాసుకున్న చెల్లె. ఇప్పుడు నీ సంగతి చెప్పు. ఆ రాత్రి ఏమైంది?"

నలభై రెండు రోజులల్ల ఆ మాట నన్ను ఎవ్వరూ అడగలేదు. బిడ్డ పాలు తాగుతుందా, కుట్లు మానినయా, తిన్నవా, ఇవే అడిగిన్రు. అక్క అడిగినంక గంటసేపు చెప్పిన. అంత ఇన్నది. ఆఖరుకు "ఇది నీ తప్పు గాదు, పిచ్చి అంతకన్నా గాదు. దీని పేరు నాకు తెల్వదు, తెలిసినోళ్లతోని మాట్లాడిపిస్త" అని తన ఫోన్‌ల 14416 కొట్టి నా చెవికాడ పెట్టింది. అది టెలి మానస్, మనసు బాగలేనోళ్లు ఫోన్ చేసి మాట్లాడే సర్కారు లైను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరుల మొదలుపెట్టింది. పైసలు పడవు, రాత్రి పగలు ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులనే మాట్లాడుతరు. మొదటిసారి నేను ఏడ్సుడు తప్ప ఏం మాట్లాడలేదు. అవతల ఉన్న అమ్మాయి ఫోన్ పెట్టెయ్యలేదు. "మీరు ఏడవండి అక్కా, నేను లైన్‌లనే ఉన్న" అన్నది. ఆ అమ్మాయి ఎవరో నాకు తెల్వదు, ఎన్నడూ తెల్వదు కావచ్చు. ఈ పోస్టు కంటబడితే గుర్తుపట్టాలని కోరుకుంటున్న.

వాళ్లు చెప్పినట్టే నల్లగొండ పెద్దాస్పత్రి మానసిక వైద్యం ఓపీకి పోయినం. డాక్టరు సారు దీన్ని పీటీఎస్‌డీ అంటరన్నడు. యుద్ధాల నుంచి వచ్చిన సైనికులల్ల చూసి, 1980వ సంవత్సరంల వైద్య పుస్తకాలల్లకు ఎక్కించిన పేరంట. పానం పోతదన్నంత భయం కలిగినంక ఎవరికైనా రావచ్చు, కాన్పు తర్వాత కూడా. నెల దాటినా తగ్గకుంటే దాన్ని జబ్బుగ చూడాల్నట. కాన్పైన వందమందిల ఇంచుమించు నలుగురికి వస్తదని వేరే దేశాల పరిశోధనలు చెప్తున్నయి, నాలెక్క ప్రమాదంల పడ్డోళ్లల్ల ఇంకా ఎక్కువ. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ వేరు, ఇది వేరు, రెండూ కలిసి కూడా ఉండొచ్చు. నాకు ఆ డిప్రెషన్ కూడా కొంత ఉండె. పాలిచ్చే తల్లులకు ఇవ్వదగిన గోళీలు ఉన్నయని సారు చెప్పినంకనే నేను గోళీ ఏసుకోనీకె ఒప్పుకున్న. పాలు బంద్ చెయ్యాల్సిన పని పడలేదు.

అసలు బలం కౌన్సెలింగ్ మేడమ్‌ది. భయం వచ్చినప్పుడు పాదాలు నేలకు ఆనించి, కండ్ల ముందున్న ఐదు వస్తువుల పేర్లు బయటికి చెప్పమన్నది. తొట్లె, చీపురు, గిన్నె, క్యాలెండరు, బిడ్డ. అట్ల చెప్పుకుంట ఈ రోజులకు వచ్చేదాన్ని. తర్వాత ఆ రాత్రి కథను మొదటినుంచి కడదాక, ఒకసారి కాదు, వారం వారం చెప్పిపిచ్చింది. మొదట్ల ట్రే పడ్డకాడ ఆగిపోయేదాన్ని. ఎనిమిదో వారం వానదాక వచ్చిన, ఆ తర్వాత ఇంటిదాక వచ్చిన. మేడమ్ అడిగితే ఒక డాక్టరమ్మ నా కేస్ షీట్ ముంగట పెట్టుకుని ఒక్కో లైను తెలుగుల చదివి చెప్పింది. రక్తం ఎందుకు పోయింది, ఎవరు ఏ గంటకు ఏం చేసిన్రు, అంత తెలిసింది. మాయ ముక్క ఉంటే గర్భసంచి గట్టిగ ముడుచుకోదు, అందుకే రక్తం ఆగదంట. నేను సరిగ బలం పెట్టి ముక్కలేదేమో, అరిచినందుకే అట్ల అయిందేమోనని నెలల తరబడి నన్ను నేనే తిట్టుకున్న. పది నిమిషాలల్ల ఆ బరువు దిగిపోయింది. అదే మాట ఆ రాత్రి ఒక్కరు చెప్పి ఉంటే!

మా ఆయన ఆటో నడుపుతడు. వారానికొక రోజు గిరాకీ ఇడిసిపెట్టి నన్ను తీసుకపోయిండు, బయట బెంచీ మీద బిడ్డను ఆడిపిచ్చుకుంట కూసున్నడు. ఒకరోజు మేడమ్ ఆయన్ని కూడా లోపలికి పిలిచి ఆ రాత్రి గురించి అడిగితే పసిపిల్లగానిలెక్క ఏడ్సిండు. రక్తం అంటిన నా చెప్పులు సంచిల పెట్టుకుని పొద్దుందాక ఆ వరండాల నిలబడ్డడంట. నాకు ఎన్నడూ చెప్పలేదు. నీకు నేనేం చెప్పాలె, ఇంట్లనే చెప్పుకుంట.

ఇప్పుడు పూర్తిగ మానిందా అంటే, ముసురు పట్టినప్పుడు కొంచెం గుబులు ఉంటది. అయినా పండుకుంటున్న. పళ్లెం పడితే ఉలిక్కిపడి, వంగి తీసి కడుగుతున్న. బిడ్డ నన్ను చూసి చేతులు చాస్తే, నా బిడ్డే అని ఒళ్లంత తెలుస్తుంది.

అక్కా, వచ్చే బుధవారం బిడ్డకు తట్టు టీకా రెండో డోసు. నువ్వు ఇంటికి రావద్దు, అత్తమ్మ కూడా రాదు. బిడ్డను ఎత్తుకుని నేనే వస్త. దవాఖాన గేటుకాడ నిలబడు, సాలు.