రోజూ ఒకే ప్రశ్న అడిగిన అక్కకి

పేరు రాయొద్దని అక్క గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. కానీ ఆవిడ చేసిన సాయం గురించి నలుగురికీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

కొన్ని నెలల క్రితం నేను చేసిన పనిని మీటింగ్‌లో ఇంకొకరు తమదిగా చెప్పుకున్నారు. నేను అక్కడే ఉన్నాను, నోరు మెదపలేదు. వాళ్ల మీద కోపం రెండు రోజుల్లో తగ్గింది. "నేను చెప్పినా ఎవరు నమ్ముతారులే" అన్న మాట మాత్రం లోపలే ఉండిపోయి నన్ను తినేసింది. ఎవరైనా మెచ్చుకున్నా టెన్షనే. నాకేమీ రాదని ఎప్పుడు తెలిసిపోతుందో అని.

పక్క టీమ్‌లో పనిచేసే అక్క అది గమనించి, ఒకరోజు పక్కన కూర్చుని అంతా విన్నారు. ధైర్యం చెబుతారనుకున్నాను. దానికి బదులు, ఈ భయానికి ఒక పేరుందన్నారు. పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1978లోనే దీన్ని ఇంపోస్టర్ ఫినామినన్ అన్నారట. అదీ చదువులో, ఉద్యోగంలో బాగా పైకొచ్చిన ఆడవాళ్లని చూసి! నాకొక్కదానికే ఉన్న లోపం కాదని తెలిసి ఆ రాత్రి కాస్త నిద్రపట్టింది.

"రేపు ఒక్క చిన్న పని నీ ఇష్టంతో ఎంచుకుని చెయ్యి. సాయంత్రం అడుగుతాను" అన్నారు. అడిగారు. ఆ రోజే కాదు, దాదాపు నాలుగు నెలల పాటు ప్రతి సాయంత్రం ఒకే మెసేజ్: "ఈరోజు ఏం ఎంచుకున్నావ్?"

మొదటి రోజు నేను చేసింది, ఒక మెయిల్ మొదట్లో అలవాటుగా రాసే "సారీ" తీసేయడం. అంతే. తర్వాత రాత్రిళ్లు ఫోన్ వేరే గదిలో పెట్టడం. నాది కాని పనికి "ఈ వారం కుదరదండీ" అనడం. ఆ ఒక్క వాక్యం టైప్ చేయడానికి నాకు అరగంట పట్టింది.

మధ్యలో అమ్మకి ఒంట్లో బాగాలేక నాలుగు రోజులు ఏమీ చేయలేకపోయాను. అంతా పోయిందని ఏడ్చాను. అప్పుడు అక్క లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధన గురించి చెప్పారు. 96 మందిని గమనిస్తే, ఒక అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టిందట. కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా పట్టొచ్చని లెక్క. ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదని కూడా అందులో ఉందట. "నీది నాలుగు రోజులు. ఇంకాస్త పడుతుందేమో, పట్టనీ" అన్నారు.

ఇన్ని నెలల్లో ఆవిడ ఒక్కసారి కూడా "నువ్వు గొప్పదానివి" అనలేదు. అందుకే ఇది నిలబడిందని నా నమ్మకం. ఎవరో అన్న మాటతో వచ్చిన ధైర్యం, ఇంకెవరో అన్న మాటతో పోతుంది. నేను చేసి, నా చేత్తో నోట్‌బుక్‌లో రాసుకున్నది ఎక్కడికి పోతుంది?

పోయిన నెల మీటింగ్‌లో మళ్లీ అలాంటి సందర్భమే వచ్చింది. గొంతు వణికింది. అయినా "ఈ భాగం నేను చేశాను, వివరాలు నేనే చెబుతాను" అన్నాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. పది నిమిషాలు మాట్లాడాను.

అక్కా, మీరు మెసేజ్ పెట్టడం ఆపి మూడు వారాలైంది. నేను రాస్తూనే ఉన్నాను. ఆ నోట్‌బుక్ మీరెప్పుడు చూస్తానంటే అప్పుడు తెస్తాను. చాలా చాలా థాంక్స్ అక్కా.