మా తమ్ముడి ర్యాంప్ కోసం సాయం చేసిన అందరికీ

అందరికీ నమస్కారం. మా తమ్ముడు బోచా అనే బంతుల ఆట ఆడటానికి, బంతి దొర్లించే ఒక ర్యాంప్ కావాలని రెండు నెలల క్రితం మీ అందరినీ అడిగాను. ర్యాంప్ వచ్చింది. మొన్న ఆదివారం తమ్ముడు మొదటి మ్యాచ్ ఆడాడు. నేను ఆడించలేదు, వాడే ఆడాడు. ఆ తేడా చెప్పాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నాకు 17 ఏళ్లు, వాడికి 13. పుట్టినప్పటి నుంచీ సెరిబ్రల్ పాల్సీ ఉంది. కండరాలు బిగుసుకుపోతాయి, చెయ్యి ఒక పక్కకి పోనిస్తే ఇంకో పక్కకి పోతుంది. బుర్ర మాత్రం నాకంటే చురుకు. మాట కూడా వస్తుంది, కాకపోతే ఒక్కో పదానికి టైమ్ పడుతుంది. ఆ టైమ్ వాడికి ఎవరూ ఇవ్వరు. వాడి ఎదురుగానే ఉండి, "ఏమంటున్నాడు?" అని నన్ను అడుగుతారు. నేనూ చెప్పేస్తాను. వాడు సగం మాటలో ఉండగానే మిగతాది పూర్తి చేసేస్తాను. అలా చేయడమే ప్రేమ అనుకుంటూ పెరిగాను.

బోచా తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. పారాలింపిక్స్‌లో 1984 నుంచీ ఉన్న ఆట ఇది. ముందు ఒక తెల్ల బంతిని వదులుతారు. ఒకరికి ఆరు ఎర్ర బంతులు, ఇంకొకరికి ఆరు నీలం బంతులు. ఎవరి బంతి తెల్లదానికి దగ్గరగా ఆగితే పాయింట్ వాళ్లది. చేత్తో విసరలేని వాళ్లకి బీసీ3 అని ఒక విభాగం ఉంది. వాళ్లు ర్యాంప్ మీద నుంచి బంతిని దొర్లిస్తారు. తమ్ముడు తలకి కట్టుకున్న పుల్లలాంటి పాయింటర్‌తో బంతిని వదులుతాడు. ర్యాంప్ ఎటు తిప్పాలో, బంతి ఎంత ఎత్తులో పెట్టాలో వాడు చెప్తే నేను పెడతాను. కానీ ఆట నడుస్తున్నంతసేపూ నేను కోర్టుకి వీపు పెట్టి కూర్చోవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు, సలహా ఇవ్వకూడదు. ఈ రూల్ మొదట విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. వాడికి తప్పు చెప్పే దిక్కు ఎవరు మరి అనుకున్నాను.

అంతకుముందు ఒక చోట అడిగితే "ఈ పిల్లాడికి ఆటలెందుకు" అన్నారు. ఆ మాట తమ్ముడూ విన్నాడు. అందుకే మీలో ప్రతి ఒక్కరూ వాడితో మాట్లాడిన తీరు నాకు ఇంత గుర్తుంది.

కార్పెంటర్ అంకుల్, పీవీసీ పైపుని నిలువునా కోసి ర్యాంప్ చేసింది మీరు. అతుకు దగ్గర బంతి ఎగురుతోందని తమ్ముడు చెప్పడం మొదలుపెడితే, నేను అందుకోబోయాను. మీరు చెయ్యి అడ్డం పెట్టి "వాడిని చెప్పనివ్వు బాబూ" అన్నారు. వాడు చెప్పేదాకా ఉలి పక్కన పెట్టి కూర్చున్నారు. మూడుసార్లు అరగదీశారు. ఆ రోజు మీరు నాకు నేర్పింది ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

ఫిజియోథెరపీ మేడమ్, నడుము నిలబడితేనే తల నిలుస్తుందని మీరు చెప్పేదాకా మాకు తెలియదు. మీరు వీల్‌చైర్ బెల్టు సరిచేసి, పాదాల కింద ఎత్తు పెట్టాకే పాయింటర్ కుదురుగా నిలిచింది. పీఈటీ మాస్టారు కొలిచి గీసిన 12.5 మీటర్ల కోర్టు టేపు ఇప్పటికీ అలాగే ఉంది, మాస్టారూ. తన పాత బంతుల సెట్ ఇచ్చిన అక్కకి, డబ్బు పంపి పేరు చెప్పొద్దన్న వాళ్లకి, సాయం చేయలేకపోయినా ఫోన్ చేసి పలకరించిన వాళ్లకి, అందరికీ మా ఇంటిల్లిపాది నమస్కారాలు.

ఇక మ్యాచ్. 6-4 తేడాతో ఓడిపోయాం. కానీ మూడో రౌండ్ గురించి చెప్పాలి. కోర్టు నా వీపు వెనక ఉంది, నాకు కనబడేది తమ్ముడి మొహం ఒక్కటే. "కుడి" అన్నాడు. జరిపాను. "ఇంకా" అన్నాడు. మరీ ఎక్కువైందేమో అనిపించింది, నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మొహమే అది. కానీ వాడి కళ్లు నన్ను దాటి నా వెనక ఎక్కడో నిలవడం అదే మొదటిసారి చూశాను. ఏదో లెక్క వేసుకుంటున్నాడు. "పైకి. ఆగు." తల వంచాడు. బంతి దొర్లిన చప్పుడు, తర్వాత బంతికి బంతి తగిలిన చప్పుడు. వాడు ఒళ్లంతా కదిలేలా నవ్వాడు. ఏం జరిగిందో నాకు తెలియదు, అయినా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రౌండ్ అయ్యాక తిరిగి చూస్తే, అవతలి వాళ్ల నీలం బంతి దూరంగా పోయి ఉంది. వాడి ఎర్ర బంతి తెల్లదాన్ని ఆనుకుని ఉంది.

ఈ పోస్టు పెట్టే ముందు తమ్ముడికి చదివి వినిపించాను. ఒక చోట "పాపం" అని రాశాను, తీసేయమన్నాడు. తీసేశాను. తన మాటలు కూడా పెట్టమన్నాడు. చెప్పడానికి పది నిమిషాలు పట్టింది, నేను ఒక్క పదం కూడా అందించలేదు. ఇవి వాడి మాటలు:

"అందరికీ థ్యాంక్స్. అంకుల్, ర్యాంప్ ఇంకో రెండు అంగుళాలు ఎత్తు కావాలి. మా అన్న ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు."