కోడలి నగలు ముందు, సంతకాలు తరువాత

పర్లాకిమిడి

చిరంజీవి చిన్నబాబుకి అమ్మ ఆశీస్సులు.

"ఇద్దరం ఒప్పుకున్నామమ్మా, గొడవేం లేదు" అని మొన్న ఫోనులో అన్నావు. ఆ మాటకి మనసు కాస్త కుదుటపడింది. కానీ నేను చెప్పాలనుకున్నది ఫోనులో చెప్పేది కాదు. మధ్యలో నీకు విసుగొస్తే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

విడిపోవద్దని మళ్ళీ బతిమాలను. ఏడాది దాటిపోయింది, నువ్వు బరంపురంలో, అమ్మాయి టెక్కలిలో. రెండు వైపులా పెద్దలం కూర్చున్నాం, చెప్పాల్సింది చెప్పాం. మీలో చెడ్డవాళ్ళెవరూ లేరు. పొసగలేదు. దానికి ఎవరినీ తప్పుపట్టను. అయితే ఎలా విడిపోతారన్నది మాత్రం నాకు చాలా ముఖ్యం.

మీ పెద్దమామయ్య పాతపట్నంలో పెద్దమనుషుల్ని పిలిచి, స్టాంపు కాగితం మీద రాయించి, నోటరీ చేయిస్తే ఒక్క పూటలో తేలిపోతుందంటున్నాడు. వద్దని ఆయన మొహానే చెప్పాను. ఎన్ని ముద్రలు పడ్డా ఆ కాగితం విడాకులు కాదు. కులాచారంగా విడాకులున్న చోట హిందూ వివాహ చట్టం 29వ సెక్షను ఆ ఆచారాన్ని ఒప్పుకుంటుంది, నిజమే. కానీ అలాంటి ఆచారం ఉందని రుజువు చేసుకోవాలి. మన ఇళ్ళల్లో అది ఏనాడూ లేదు. రేపు ఆ కాగితం నమ్ముకుని మీలో ఎవరు ఇంకో పెళ్ళి చేసుకున్నా అది చెల్లదు, పైగా నేరం. అమ్మాయికి ఇంకా ముప్పై ఏళ్ళు నిండలేదు. ఆమె ముందున్న బతుకంతా ఆ కాగితం మీద ఆధారపడటానికి నేనొప్పుకోను.

కోర్టుకే వెళ్ళండి. కోర్టంటే ఒకరి మీద ఒకరు బురద చల్లుకోవడమని భయపడుతున్నావేమో, అదేం అక్కర్లేదు. 1955 నాటి చట్టంలో 13-బి అనే సెక్షనుని 1976లో చేర్చారు, అచ్చం మీలాంటి వాళ్ళ కోసమే. ఇద్దరూ కలిసి ఒకే పిటిషను వేస్తారు. ఏడాదో అంతకంటే ఎక్కువో వేరుగా ఉన్నాం, కలిసి ఉండలేకపోయాం, ఇష్టపూర్వకంగా విడిపోవాలనుకుంటున్నాం అని చెబితే చాలు. అతను కొట్టాడనీ, ఆమె తిట్టిందనీ ఎవరూ ఏదీ రుజువు చెయ్యక్కర్లేదు. పిటిషను వేసిన తేదీ నుంచి ఆరు నెలలు ఆగమంటారు. ఆ తరువాత, అదే తేదీ నుంచి పద్దెనిమిది నెలలు దాటకుండా, ఇద్దరూ మళ్ళీ వెళ్ళి అదే మాట చెప్పాలి. ఈ ఆరు నెలల గడువు తప్పనిసరేం కాదని సుప్రీంకోర్టు 2017లో చెప్పిందట. అప్పటికే చాలాకాలంగా వేరుగా ఉండి, రాజీ ప్రయత్నాలన్నీ అయిపోయి, భరణం, పిల్లల సంగతి తేల్చుకున్న వాళ్ళకి జడ్జి గారు ఆ గడువు తీసెయ్యొచ్చట. మన వీధిలోని ప్లీడరు గారు ఇదంతా నాకు ఓపిగ్గా చెప్పారు. తేల్చుకోవడం ముందు, తొందరపడటం తరువాత అని నాకు అర్థమైంది.

పిటిషను బరంపురంలో వద్దు. మీరు చివరిగా కలిసి కాపురం చేసింది అక్కడే కనుక అక్కడా వెయ్యొచ్చు, కానీ పెళ్ళి టెక్కలిలో జరిగింది కనుక శ్రీకాకుళం జిల్లాలోనూ వెయ్యొచ్చు. మనకి ఒడియా, తెలుగు రెండూ నోటికొచ్చినవే. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది గానీ, మన సంబంధాలు ఎప్పుడూ గీత దాటే నడిచాయి. ఆ అమ్మాయికి మాత్రం ఇన్నేళ్ళయినా ఒడియా పట్టుబడలేదు. బరంపురం కోర్టు వరండాలో గుమస్తా ఏమంటున్నాడో అర్థంకాక నీ మొహం చూస్తూ నిలబడాల్సి వస్తుంది. తన ఊళ్ళో, తన భాషలో, తన మాట తను చెప్పుకోనీ. నువ్వే ఒక రోజు సెలవు పెట్టుకుని వెళ్ళు.

ఇంకొకటి. "ఇద్దరికీ ఒకే లాయరు చాలు, ఖర్చు కలిసొస్తుంది" అన్నావు. ఆ లాయరుని కుదిర్చేది నువ్వు, ఫీజు ఇచ్చేది నువ్వు అయినప్పుడు ఆయన ఎవరి మేలు చూస్తాడు? అమ్మాయి తరఫున వేరే లాయరు ఉండాలి. వాళ్ళ నాన్నగారికి ఆ ఖర్చు బరువనుకుంటే, ఆడవాళ్ళకి సంపాదనతో పనిలేకుండా ఉచితంగా న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళినా సరే, 15100కి ఫోను చేసినా సరే. ఈ సంగతి వాళ్ళకి నువ్వే చెప్పు. ఆమె లాయరు ప్రతి వాక్యం చదివి చూసి, మార్చాల్సింది మార్పించిన తరువాతే సంతకం పెట్టాలి.

ఇక నగలు. నిన్న లాకరులోంచి అన్నీ ఇంటికి తెచ్చాను. మంచం మీద తువ్వాలు పరిచి, ఒక్కొక్కటీ పెట్టి, పెళ్ళినాటి చిట్టాతో సరిచూశాను. చంద్రహారం, కాసులపేరు, గాజులు, బుట్టకమ్మలు, వంకీ అన్నీ ఉన్నాయి. కాసులపేరులోంచి ఒక కాసు ఊడిపోతే, దాన్ని చిన్న కాగితంలో పొట్లం కట్టి, పైన "అతికించాలి" అని తన గుండ్రటి రాతతో రాసిపెట్టింది అమ్మాయి. ఎప్పుడు రాసిందో. కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి నా ఎదురుగానే అతికింపించి, ఒక్కో వస్తువూ తూకం వేయించి చీటీ రాయించాను.

"మనం పెట్టినవి మనం తీసుకోవాలి కదా" అన్నావు ఫోనులో. ఆ మాట నీ నోట వినడం నాకు చాలా కష్టంగా ఉంది నాన్నా. పుట్టింటివాళ్ళు పెట్టినవే కాదు, పెళ్ళిలో మనం ఆమెకిచ్చిన రెండు పేటల గొలుసు కూడా ఆమెదే. స్త్రీధనం మీద పూర్తి హక్కు భార్యదేననీ, మొగుడైనా అత్తవారైనా ఆమె కోసం భద్రంగా దాచిపెట్టేవాళ్ళే తప్ప వాటాదారులు కారనీ సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. కోర్టు చెప్పకపోయినా నేను ఇదే చెప్పేదాన్ని. మంగళసూత్రాలు ఏం చేసుకుంటుందో ఆమె ఇష్టం, ఆ మాట ఎవరూ ఎత్తకండి. నగలన్నీ పిటిషను వెయ్యకముందే ఆమె చేతికి అందాలి. "సంతకం పెడితే ఇస్తాం" అన్న ఆలోచన కూడా ఈ ఇంట్లో ఎవరికీ రాకూడదు.

డబ్బు సంగతి. వాళ్ళు ఏమీ అడగలేదని సంబరపడకు. వాళ్ళ నాన్నగారు మర్యాదస్తులు, నోరు తెరిచి అడగరు. నీ బదిలీ అయినప్పుడు ఆ పిల్ల బడిలో టీచరు ఉద్యోగం మానేసి నీ వెంట వచ్చింది. మళ్ళీ కాళ్ళమీద నిలబడటానికి కొంతకాలం పడుతుంది. మీ నాన్నగారూ నేనూ మాట్లాడుకున్నాం. పలాసలో స్థలం అమ్మగా వచ్చిన డబ్బులో నీ వాటా ఉంది, అది శాశ్వత భరణంగా ఇచ్చెయ్యి. ఆమె పేరున డీడీ తియ్యి. ఎంత, ఏ తేదీన అన్నది పిటిషనులో రాయించు. "ముందు ముందు చూస్తాను" లాంటి మాటలు ఆ కాగితంలో ఉండకూడదు.

బుజ్జి గురించి రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. అయిదేళ్ళు నిండని పిల్ల మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 చట్టం. బుజ్జికి నాలుగే. ఐదు దాటాక కూడా దాన్ని తల్లి దగ్గర్నుంచి లాక్కునే ఆలోచన పెట్టుకోకు. నువ్వు చూడటానికి వెళ్ళే రోజులు మాత్రం స్పష్టంగా రాసుకోండి. నెలకి రెండు ఆదివారాలు, వేసవి సెలవుల్లో సగం. సంక్రాంతి అక్కడ, రథయాత్ర ఇక్కడ. రథయాత్ర రోజులు నా కోసం అడుగుతున్నాను, నువ్వు మరిచిపోతే అమ్మాయి వాళ్ళమ్మ, వదినగారిని నేనే అడుగుతాను. పిల్ల పేరున పోస్టాఫీసులో తెరిచిన సుకన్య ఖాతాలో పదిహేనేళ్ళూ కట్టాల్సింది నువ్వే, ఒక్క ఏడూ తప్పకూడదు. బడి ఫీజులకి విడిగా నెలనెలా పంపాలి. పెద్దవాళ్ళు ఏం రాసుకున్నా, పిల్ల అవసరాలు పెరిగితే ఆ మొత్తం మార్చే అధికారం కోర్టుకి ఉంటుంది. అంతవరకు తెచ్చుకోకుండా నువ్వే పెంచు.

మధ్యలో అమ్మాయి మనసు మార్చుకుంటే? ఉత్తర్వు వచ్చేలోపు ఇద్దరిలో ఎవరైనా ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటిదేమైనా జరిగితే "మాట తప్పావు" అని ఫోను చేసి అరవకు, మామయ్యతో కబుర్లు పంపించకు. భయం వల్లా, బాధ వల్లా, ఏదైనా మనం సరిగ్గా తేల్చకపోవడం వల్లా అని నన్ను అడిగిరానీ. ఎవరి బలవంతమైనా ఉందా అని జడ్జి గారు అడిగినప్పుడు ఆ పిల్ల తలెత్తి, మనస్ఫూర్తిగా "లేదండీ" అనగలగాలి. నీ నుంచి నేను కోరేది అదే.

శనివారం రా. పెళ్ళి శుభలేఖ, తలంబ్రాల ఫొటో, నీ ఆధార్, జీతం స్లిప్పులు పట్టుకురా. మామయ్యని వెంటబెట్టుకు రావొద్దు. నగలు ఇవ్వడానికి నీతోపాటు నేనూ టెక్కలి వస్తాను. చిట్టా రెండు కాపీలు రాసిపెట్టాను, ఒకటి వాళ్ళకి, ఒకటి మనకి. ఏ రోజు వీలవుతుందో వదినగారిని అడిగి నీకు చెబుతాను.

మీ అమ్మ