రిసెప్షన్‌కు ముహూర్తం అడ్డురాదు, పగలే ఆరుబయట పెట్టుకోండి

సంపాదకులకు నమస్కారం. 2022 జనవరిలో, కరోనా మళ్లీ విజృంభిస్తున్న వేళ రాస్తున్న ఉత్తరం ఇది.

ఫిబ్రవరి 2 నుంచి మాఘమాసం. ఆ నెలాఖర్లో గురు మౌఢ్యం (పెళ్లిళ్లు చేయకూడని రోజులు) వస్తోంది కాబట్టి ఈ మాఘం పెళ్లిళ్లన్నీ ఆ రెండు మూడు వారాల్లోనే ఇరుక్కున్నాయి. మరోపక్క కరోనా వల్ల ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి 18 నుంచి రాత్రి 11 మొదలు తెల్లవారి 5 దాకా కర్ఫ్యూ పెట్టారు. శుభకార్యాలకు ఆరుబయట 200 మంది, నాలుగు గోడల మధ్య అయితే 100 మంది మించరాదని ప్రభుత్వం చెప్పింది. ఈ పరిస్థితుల్లో రిసెప్షన్ ఎలా చేయాలని వధూవరుల తల్లిదండ్రులు అందరినీ అడుగుతున్నారు. విందుల ఏర్పాట్లు చూసేవాళ్లుగా మాకు తెలిసింది మీ పత్రిక ద్వారా చెప్పాలని ఈ ఉత్తరం.

ముహూర్తాన్ని కదపలేం. పురోహితుడు పెట్టిన ఘడియకు జీలకర్ర బెల్లం పెట్టాల్సిందే. రిసెప్షన్‌కు ఆ బంధనం లేదు. రోజు మార్చుకోవచ్చు, వేళ మార్చుకోవచ్చు, చోటు మార్చుకోవచ్చు. అయినా నూటికి తొంభై ఇళ్లలో పెళ్లిని కుదించి, రిసెప్షన్‌ను మాత్రం ఎప్పటిలాగే రాత్రి ఏడు గంటలకు ఏసీ హాల్లో ఖాయం చేస్తున్నారు. కదిలేదాన్ని వదిలేసి కదలనిదాన్ని కుదిస్తున్నారు. పెళ్లి ఇంటి మనుషులతో జరిపించి, విందు మాత్రం నెలా రెండు నెలల తర్వాత నిబంధనలు సడలాక పెట్టుకుంటే అన్నిటికంటే మేలు. అలా కుదరనివాళ్లు పగటిపూట, ఆరుబయట పెట్టుకోండి.

రాత్రి విందుకు కర్ఫ్యూ తెచ్చే చిక్కు చాలామందికి తట్టడం లేదు. కార్డులో ఏడు అని వేసినా మన దగ్గర జనం వచ్చేది ఎనిమిదిన్నరకు. 11 లోపు ఇల్లు చేరాలి కాబట్టి తొమ్మిది అయ్యేసరికి అందరూ ఒక్కసారిగా భోజనాల వైపు మళ్లుతారు. మామూలు రోజుల్లో మూడు గంటల మీద విడివిడిగా తినే జనం ఒక్క గంటలో, మాస్కులు తీసి, ఒకేచోట చేరతారు. చివరి బంతి లేచాక గుండిగలు కడిగి, సామాను వ్యాన్‌కెక్కించడానికి గంటన్నర పడుతుంది. పదింటికి భోజనాలు ముగిస్తే వంటవాళ్లు, వడ్డించేవాళ్లు కర్ఫ్యూలో రోడ్డు మీద ఉంటారు. రాత్రే పెట్టక తప్పదనుకుంటే సాయంత్రం అయిదున్నరకు మొదలుపెట్టి, ఎనిమిదిన్నరకల్లా ఆఖరి విస్తరి ఎత్తేయాలి.

పగలు అయితే ఈ గొడవ లేదు. మాఘంలో ఎండ ఇంకా ముదరదు, రాత్రిలా మంచు కురవదు. షామియానా కింద పదకొండు నుంచి మూడు దాకా హాయిగా కూర్చోవచ్చు. అయితే షామియానా వేసేవాళ్లు అందం కోసం చుట్టూ పరదాలు కట్టేస్తారు. మూడు వైపులా పరదా బిగిస్తే అది గుడ్డతో కట్టిన హాలే, గాలి ఆడదు. వేదిక వెనక ఒక్క వైపు కట్టించి, తక్కిన మూడూ వదిలేయమని ముందే చెప్పండి. ఫ్యాన్లు జనం ముఖాల మీదుగా కాకుండా ఒక పక్క నుంచి గాలిని బయటికి తోసేలా తిప్పించండి. హాలే దిక్కయితే ఏసీలు ఆపి తలుపులు, కిటికీలు తీయాలి. స్ప్లిట్ ఏసీ కొత్త గాలి తేదు, ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ తిప్పుతుంది.

ఇక లెక్క. నిబంధనలో ఉన్నది వంద "మంది". అతిథులు అనుకుని వందకు కార్డులు పంచితే తప్పులో కాలేసినట్టే. పురోహితుడు, సహాయకుడు కలిపి ఇద్దరు. సన్నాయి, డోలు కలిపి నలుగురు. ఫొటో, వీడియో, లైవ్ వాళ్లు నలుగురు. వంటమాస్టరుతో కలిపి వంటకు నలుగురు, వడ్డనకు ఆరుగురు. పాత్రలు కడిగి, విస్తళ్లు తీసేవాళ్లు ముగ్గురు. డెకరేషన్ వాళ్లు ఇద్దరు. మొత్తం పాతిక. అంటే హాల్లో రెండు కుటుంబాలకూ మిగిలేది 75, ఒక్కో వైపు 37 మంది. ఆరుబయట 200 అనుకున్నా వడ్డనకు, శుభ్రానికి మరో అయిదారుగురు కావాలి. కాబట్టి 170 దగ్గర ఆగాలి. ఈ విభజన రెండు వైపుల పెద్దలూ కలిసి కూర్చుని కాగితం మీద రాసుకోవాలి. నోటిమాటగా ఉంటే చివరి వారంలో "మా వైపు ఇంకో పదిమంది" అన్న దగ్గర మాటామాటా పెరుగుతుంది.

"సకుటుంబ సపరివార సమేతంగా" అని అచ్చువేసి వంద కార్డులు పంచితే నాలుగు వందల మందిని పిలిచినట్టు. రాబోయేవాళ్లకు ఒక కార్డు, మనసారా దీవిస్తే చాలని తెలిపేవాళ్లకు మరో కార్డు వేయించండి. మొదటిదాని మీద పేర్లు, ఎంతమంది, ఏ వేళకు అన్నవి చేత్తో రాయండి. ఆ మాట ఫోన్లో కూడా చెప్పాలి, వాట్సాప్ సందేశం ఒక్కటీ చాలదు. పిలవనివాళ్లకు బాధ ఉంటుంది, నిజమే. ఆ బాధ తీర్చడానికి మంచి దారి ఇంటికి తాంబూలం పంపడం. పసుపు కుంకుమ, పండు, జాకెట్ గుడ్డతో పాటు నిలవుండే మిఠాయి పెట్టండి. తాపేశ్వరం మడత కాజా, ఆత్రేయపురం పూతరేకులు రోజుల తరబడి చెడవు. బొబ్బట్లు రెండు రోజులు ఉంటాయి. పాలతో చేసిన మిఠాయిలు వద్దు. అన్నం పంపాలనుకుంటే పులిహోర పంపండి, చింతపండు, నూనె దాన్ని కాపాడతాయి. బిర్యానీ పార్శిళ్ల దగ్గరే దెబ్బ తింటున్నారు. పొగలు కక్కుతుండగా మూత బిగిస్తే లోపల ఆవిరి నీరై కారుతుంది, మధ్యాహ్నం కట్టింది రాత్రి విప్పేసరికి వాసన వేస్తుంది. ఆవిరి పోయాక మూతపెట్టి, నాలుగు గంటల్లో తినేలా చేర్చగలిగితేనే పంపండి.

అసలు ముప్పు భోజనం దగ్గరే ఉంది. వేదిక మీద అందరికీ మాస్కులు ఉంటాయి, విస్తరి ముందు ఎవరికీ ఉండవు. కాబట్టి భోజనానికి పట్టే సమయం తగ్గించడమే మొదటి జాగ్రత్త. పాతిక రకాలు వడ్డిస్తే ఒక్కో బంతి ముప్పావు గంట దాటుతుంది. తొమ్మిది పది రకాలకు కుదిస్తే అరగంటలో లేస్తారు. ఒక స్వీటు, ఒక హాటు, పులిహోర, పప్పు, రెండు కూరలు, ఒక రోటి పచ్చడి, సాంబారు, అప్పడం, పెరుగు. అన్నం, నెయ్యి ఎలాగూ ఉంటాయి. ఇది తక్కువ అయిందని ఎవరూ అనరు. రకం పెరిగిన కొద్దీ వడ్డించే మనిషి ఒకడు, వరస మీద వంగే ముఖం ఒకటి పెరుగుతాయి.

బఫే కంటే బంతే మేలంటాం. బఫేలో వందమంది చేతులు అవే గరిటెలు పట్టుకుంటాయి, పళ్లెం పట్టుకుని వరసలో ఒకరి వెనక ఒకరు ఆనుకుని నిలబడతారు, ఆపైన గుంపులుగా చేరి మాట్లాడుకుంటూ తింటారు. బంతిలో మనిషి కూర్చున్న చోటు నుంచి కదలడు. అయితే బంతి పాత పద్ధతిలో ఎదురెదురుగా వేయకూడదు. అందరూ ఒకే వైపు చూసేలా బల్లలకు ఒక్క పక్కే కుర్చీలు వేయించి, విస్తరికి విస్తరికి నాలుగడుగులు వదలండి. మామూలుగా రెండు పక్కలా కలిపి నలభై మంది పట్టే 40 అడుగుల వరసలో ఇప్పుడు పదిమందే పడతారు. అలాంటి వరసలు నాలుగు వేసుకుంటే 100 మందికి మూడు బంతులు సరిపోతాయి. బంతికి 35 నిమిషాలు, మధ్యలో బల్లలు తుడిచి పేపర్ మార్చడానికి 15 నిమిషాలు, మొత్తం రెండుంబావు గంటలు. మొదటి బంతి పెద్దవాళ్లకు, షుగరు, బీపీ ఉన్నవాళ్లకు ఇవ్వాలి. వాళ్లు తిని, దీవించి, గుంపు పెరగకముందే ఇంటికి వెళ్లిపోవచ్చు.

వడ్డించే కుర్రాళ్లకు మాస్కు ఇచ్చేసి మన పని అయిపోయిందనుకుంటాం. వేడి అన్నం బేసిన్ మోసేవాడి మాస్కు ఆవిరికీ చెమటకూ అరగంటలో తడిసిపోతుంది. తడిసిన గుడ్డలోంచి ఊపిరి ఆడక దాన్ని గడ్డం కిందికి లాగేస్తాడు. అది వాడి తప్పు కాదు. బంతి బంతికీ మార్చుకునేలా ఒక్కొక్కరికి మూడేసి మాస్కులు, పాతవి వేయడానికి మూత ఉన్న బుట్ట పెట్టండి. మాస్కు లేకుండా ముఖానికి ప్లాస్టిక్ షీల్డు ఒక్కటే పెట్టుకుంటే ఉపయోగం లేదు.

వంద మందికి వంట అంటే వెయ్యి మంది వంటలో పదో వంతు అనుకోకండి. సరుకులు పదో వంతే కావచ్చు, వంటమాస్టరు కూలీ, పాత్రల అద్దె, వ్యాన్ కిరాయి అలా తగ్గవు. ప్లేటు ధర పెరిగిందని కోప్పడకుండా లెక్క చూడండి. వంద మందికి ఉజ్జాయింపుగా అన్నానికి సన్నబియ్యం 10 కిలోలు, పులిహోరకు 4 కిలోలు, పప్పుకు కందిపప్పు 3 కిలోలు, సాంబారుకు 2 కిలోలు, ఒక్కో కూరకు తరిగిన కాయగూర 7 కిలోలు, పెరుగు 10 లీటర్లు, నెయ్యి కిలో. ఈ రోజుల్లో చివరి నిమిషంలో రెండు మూడు కుటుంబాలు జ్వరమని ఆగిపోతున్నాయి. అందుకని అన్నం ఒకేసారి వార్చకుండా ముందు 6 కిలోలు వార్చి, రెండో బంతి కూర్చున్నాక తలలు లెక్కపెట్టి మిగతా బియ్యం పోయండి. అన్నం అరగంటలో అవుతుంది. కూర మాత్రం ఒకేసారి చేయాలి, విడతలుగా చేస్తే రుచి ఒకటి రాదు.

చేతులు కడుక్కోవడానికి మనిషికి రెండుసార్లు, సారికి లీటరు చొప్పున వంద మందికి 200 లీటర్లు కావాలి. కుళాయి బిగించిన ఒక పెద్ద డ్రమ్ము, సబ్బు నీళ్ల సీసాలు చాలు. శానిటైజర్ గేటు దగ్గరే ఉంచండి. అందులో ఉండేది ఆల్కహాలు, అంటుకుంటే మంట కూడా సరిగా కనపడదు. హోమగుండం దగ్గర, హారతి పళ్లెం దగ్గర, వేదిక మీద చిచ్చుబుడ్లు వెలిగించేచోట దాన్ని అస్సలు పెట్టొద్దు. పట్టుబట్టల్లో ఉన్న వధూవరుల చేతికి అది రాసి దీపం వెలిగించమనడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. వాళ్లకు సబ్బు, నీళ్లే.

వేదిక దగ్గర జనం నిలిచిపోవడానికి కారణం ఫొటో. కుటుంబానికి నిమిషం పట్టినా ముప్పై కుటుంబాలకు అరగంట. వరస వేదిక మెట్ల మీద కాకుండా కుర్చీల్లోనే ఉండాలి, ఒకరు పేరు పిలిస్తే లేచి వెళ్లాలి. అక్షింతలు ఒకే పళ్లెంలోంచి అందరూ తీసుకోకుండా చిన్న కాగితపు పొట్లాలుగా కట్టించండి. చదివింపుల బల్ల మరో గుంపు. దాన్ని లోపల కాకుండా బయటికి వెళ్లే దారిలో పెట్టి, పుస్తకం రాసేవాళ్లను ఇద్దరిని కూర్చోబెట్టి, యూపీఐ క్యూఆర్ కోడ్ అంటించండి.

రానివాళ్ల కోసం లైవ్ పెడుతున్నారు, మంచిదే. పగలు 11కు మొదలైతే కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర, డాలస్‌లో పదకొండున్నర. మేలుకుని చూడగలరు. యూట్యూబ్ ఛానెల్‌లో మొదటిసారి లైవ్ తెరవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, పెళ్లిరోజు పొద్దున మొదలుపెడితే కుదరదు. సినిమా పాటలు వేస్తే హక్కుల పేరుతో ప్రసారం మధ్యలో ఆగిపోవచ్చు. సన్నాయి మేళం ఉండగా పాటల అవసరం ఏముంది?

అడ్వాన్సుల సంగతి. 2020 లాక్‌డౌన్‌లో పెళ్లికి 50 మందికే అనుమతి. ఆ ఏడాది అక్టోబర్ తర్వాత హాళ్లలో సగం మంది, 200 మించకుండా. 2021 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో 20, తెలంగాణలో 40. లగ్నపత్రిక రాసుకున్ననాటి సంఖ్య పెళ్లినాటికి ఉంటుందన్న భరోసా లేదు. అందుకే హాలుకైనా, క్యాటరింగ్‌కైనా డబ్బు కట్టే ముందే మూడు మాటలు రాయించుకోండి. ప్రభుత్వం సంఖ్య తగ్గిస్తే ప్లేట్లు ఎంత తగ్గించుకోవచ్చు, తేదీ మారితే అడ్వాన్సు ఎన్ని నెలలు చెల్లుతుంది, ఆఖరి లెక్క ఎప్పటిలోగా చెప్పాలి. కిరాణా సరుకులు తెచ్చేది రెండు రోజుల ముందు, కూరగాయలు, పెరుగు ముందురోజు. మూడు రోజుల ముందు లెక్క చెబితే ఎవరికీ నష్టం ఉండదు. ముందురోజు సాయంత్రం తగ్గిస్తే కొన్న సరుకుకు డబ్బు ఇవ్వడం న్యాయం.

ఇంట్లో ఎవరికైనా కరోనా పాజిటివ్ వస్తే రిసెప్షన్ వాయిదా వేయాల్సిందే. 2022 జనవరి నాటి మార్గదర్శకాల ప్రకారం లక్షణాలు తక్కువగా ఉన్నవాళ్లు పరీక్ష రోజు నుంచి ఏడు రోజులు విడిగా ఉండాలి, చివరి మూడు రోజులూ జ్వరం ఉండకూడదు. ఇంట్లో చేసుకునే కిట్‌లో నెగెటివ్ వచ్చినా దగ్గు, గొంతునొప్పి ఉంటే రావద్దని చెప్పడానికి మొహమాటపడకండి. గేటు దగ్గర థర్మామీటరు జ్వరాన్నే పడుతుంది, మాత్ర వేసుకుని వచ్చినవాడిని పట్టదు.

జిల్లా అధికారులకు ఒక విన్నపం. 100, 200 లెక్కలో వంటవాళ్లు, మేళం వాళ్లు, ఫొటోగ్రాఫర్లు ఉన్నారా లేరా, ఆ సంఖ్య ఒకేసారి ఉండే జనానికా, రోజు మొత్తానికా అన్నది స్పష్టంగా ప్రకటించండి. ఒక మండలంలో ఒకలా, పక్క మండలంలో మరోలా చెబుతుంటే నిబంధన పాటించాలనుకున్నవాళ్లకే ఇబ్బందవుతోంది. అది తేలేదాకా పనివాళ్లతో సహా, రోజు మొత్తానికి అన్న లెక్కతోనే ఏర్పాట్లు చేసుకోవాలని పెళ్లివారిని కోరుతున్నాం. మాఘం ముహూర్తాలకు ఇంకా పది రోజులే ఉంది. ఆ ప్రకటన ఈ వారంలోనే రావాలి.

పెళ్లి విందుల నిర్వాహకులు,
రాజమహేంద్రవరం